బొమ్మ, నాట్యం, పద్యం, పాట ఒకే సాయంత్రం పెట్టాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. విజయనగరంలో మీరు నలుగురు స్నేహితులు కలిసి, దసరా వెళ్లాక ఒక శనివారం సాయంత్రం చిత్రకళ, కూచిపూడి, కవిత్వం, వీణ అన్నీ కలిపి ఊరి వాళ్ల కోసం ఒక కార్యక్రమం చేద్దామనుకుంటున్నారు. 200 మంది పట్టే పాత కల్యాణ మండపం, దాని ముందు పెద్ద వాకిలి దొరికాయి. చందాలతో కలిపి చేతిలో 60,000 రూపాయలున్నాయి. ఏది ముందు, ఏది వెనక, స్టేజీ ఎలా, పర్మిషన్లు ఏమిటి, టికెట్ పెట్టాలా వద్దా అని అడిగారు. చివర్లో "స్కూలు యానివర్సరీలా అయిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నారు. ఉత్తరాంధ్రలోనూ హైదరాబాద్‌లోనూ ఇలాంటి సాయంత్రాలు చాలా ఏళ్లుగా నడిపిస్తున్నవాణ్ని కాబట్టి ఆ చివరి మాట దగ్గర నుంచే మొదలుపెడతాను.

మీ టెన్షన్‌కి అర్థముంది. నాలుగు కళల వాళ్లని ఒకే రాత్రికి పిలవడం కష్టం కాదు. ఒక్కొక్కరికీ అరగంట ఇచ్చి వరసగా స్టేజీ ఎక్కించడం ఇంకా సులువు. అలా చేస్తే డాన్సు పిల్లల అమ్మానాన్నలు డాన్సు అవగానే లేచిపోతారు, కవులు తమ వంతు దాకా బయట టీ తాగుతుంటారు, చిత్రకారుడు తన బొమ్మల పక్కన ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఒకరి పని ఇంకొకరికి పట్టదు. ఇలాంటి కార్యక్రమంలో అసలు కష్టమంతా అతుకుల దగ్గరే. బొమ్మ నుంచి పద్యానికి, పద్యం నుంచి ఆటకి ఎలా వెళ్తారో ముందే ఆలోచించుకుంటే మిగతాది టెంట్ హౌస్ వాళ్లూ సౌండ్ వాళ్లూ చూసుకునే పని.

నిజానికి మనకి ఈ కలపడం కొత్తేమీ కాదు. మీ ఊళ్లోనే 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆయన హరికథలో పద్యం, పాట, తాళం, గజ్జె, హాస్యం, వేదాంతం అన్నీ ఒక్క మనిషిలోనే నడిచేవి. తెలంగాణలో చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డ మీద వేసే పటాలు గోడకి తగిలించుకోవడానికి పుట్టినవి కావు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడినీ చూపిస్తూ పాడతారు. తోలుబొమ్మలాట సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటన్నిటిలోనూ గమనించాల్సింది ఒకటే, కళలు ఎన్నున్నా కథ ఒకటి. మీకూ అలాంటి ఒక్క కథ కావాలి. కథ లేకపోతే కనీసం ఒక వస్తువు.

వస్తువు ఎంచుకునేటప్పుడు "ప్రకృతి", "మానవత్వం", "స్త్రీ" లాంటి పెద్ద మాటల జోలికి పోవద్దు. వాటి కింద ఏదైనా పడుతుంది, అందుకే ఏదీ అతకదు. చేత్తో పట్టుకోగలిగేది తీసుకోండి. మీ ఊరికైతే నాకు తోచింది చెట్టు. ఎందుకంటారా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేది పనస మాను నుంచి. ఏటికొప్పాక బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. మీ పైడితల్లమ్మ పండగలో పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే మాను, ఊరంతా ఎదురుచూసే ఆ సిరిమాను చింతమాను. దసరా అనగానే జమ్మి. నాలుగు చెట్లు, నాలుగూ మీ చుట్టుపక్కలవే. మీరు దసరా తర్వాత అంటున్నారు కాబట్టి సిరిమాను జనం కళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక్కొక్క కళనీ ఈ చెట్టుకి ఎలా కట్టాలో చూద్దాం. జమ్మి అనగానే విరాటపర్వం. పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి మీద. అర్జునుడు బృహన్నలగా ఉత్తరకి నాట్యం నేర్పింది ఆ పర్వంలోనే. కోట బయట కౌరవ సేనని చూసి వణికిన ఉత్తర కుమారుణ్ని పట్టుకొచ్చి, జమ్మి ఎక్కించి విల్లు దింపించేదీ ఆ బృహన్నలే. ఉత్తర కుమార ప్రగల్భాలు అంటే తెలియని తెలుగువాడు లేడు. ఆ ఘట్టం తిక్కన పద్యాలతో ఇద్దరు నర్తకులు చేస్తే 20 నిమిషాల్లో నవ్వూ, నాట్యమూ, పద్యమూ మూడూ వచ్చేస్తాయి. కూచిపూడికి వాచికం, అంటే నర్తకుడే నోటితో సంభాషణ చెప్పడం, పాత అలవాటే కాబట్టి అతికించినట్టు కూడా ఉండదు. మీకు తెలిసిన నాట్య గురువుని ఇప్పుడే కలిసి అడగండి. కొత్త అంశం కూర్చడానికి రెండు నెలలైనా పడుతుంది. "మా దగ్గర రెడీగా ఉన్న అంశం చేస్తాం" అంటే ఒప్పుకోండి, కానీ ఒక్క అంశమైనా వస్తువుకి దగ్గరగా ఉండేలా చూడండి.

నాట్యం గురించి మాట్లాడుతుంటే సింహనందిని గుర్తొచ్చింది. నేల మీద పరిచిన రంగుపొడి మీద పాదాలతో అడుగులు వేస్తూ సింహం బొమ్మ గీసే నృత్యం అది. 128 అక్షరాల, అంటే అన్ని లెక్కల పొడవున్న, సింహనందన తాళానికి చేస్తారు. నాట్యమే బొమ్మవుతుంది, ఇంతకంటే కలయిక ఏముంటుంది? ఎవరైనా మీకు ఈ సలహా ఇస్తారు, యూట్యూబ్‌లో చూసి మీకే ముచ్చట పుట్టొచ్చు కూడా. నేర్చుకున్న నర్తకి అందుబాటులో ఉంటే అడగండి. లేదంటే వదిలేయండి. పిల్లల చేత రంగుపొడిలో ఊరికే తొక్కించి "పాదాలతో చిత్రం" అని బ్యానర్ కట్టడం మాత్రం వద్దు.

ఇక బొమ్మలు. మనుషులు బొమ్మని నడుస్తూ చూస్తారు, పాటని కూర్చుని వింటారు. ఈ రెండూ ఒకేసారి జరగవు. స్టేజీ మీద ఏదో నడుస్తుండగా "పక్క హాల్లో చిత్ర ప్రదర్శన కూడా ఉంది, తిలకించగలరు" అని మైకులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ లేవరు. కాబట్టి మొదటి గంట కుర్చీలే వేయకండి. ఐదున్నరకి తలుపులు తీసి, ఆరున్నర దాకా వాకిట్లోనూ వరండాలోనూ బొమ్మలే. కూర్చోవడానికి చోటు లేకపోతే జనం తిరుగుతారు, తిరిగితే చూస్తారు. పెద్దవాళ్ల కోసం గోడ వారగా పది కుర్చీలు చాలు. ఆ గంటలో ఒక మూల వీణ. మైకు అక్కర్లేదు. చాప మీద కూర్చుని వాయిస్తే చుట్టూ పదిమంది గొంతుక్కూర్చుని వింటారు. పెద్ద హాల్లో స్పీకర్లలో విన్న వీణ కంటే ఆ దగ్గర నుంచి విన్న వీణే వాళ్లకి గుర్తుంటుంది. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణ దొరికితే, వాయించేవాళ్లు ఒప్పుకుంటే, దాని పొట్టని పిల్లలు చేత్తో తడిమి చూసే అవకాశం కూడా ఇవ్వండి.

రెండో మూల ఏటికొప్పాక పనివాళ్లు ఒకరిద్దరు లేతు మిషనుతో వస్తే మీ పంట పండినట్టే. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకు అదిమి పట్టుకుంటే రంగు సమంగా పరుచుకుని మెరుపు వస్తుంది. బొంగరం తయారవడానికి ఎక్కువ సేపు పట్టదు. చిన్నపిల్లలు అక్కడి నుంచి కదలరు, వాళ్లని వదిలి పెద్దవాళ్లూ కదలలేరు. పనివాళ్లు తెచ్చిన బొమ్మలు అమ్ముకోవడానికి ఒక బల్ల ఇవ్వండి. అందులో మీరు కమిషన్ తీసుకోవద్దు.

బొమ్మలు తగిలించే విషయంలో టెంట్ హౌస్ వాళ్లతో ఒక చిన్న యుద్ధం తప్పదు. వాళ్లకి తెలిసిన అలంకారం ఒకటే, గులాబీ పసుపు మెరుపు గుడ్డలు కుచ్చులు పెట్టి కట్టడం. దాని ముందు ఎంత మంచి బొమ్మైనా పెళ్లి ఫొటోలా కనబడుతుంది. తెల్ల కాటన్ గుడ్డ బిగుతుగా, కుచ్చుల్లేకుండా కట్టమనండి. మూడుసార్లు చెబితే గానీ నమ్మరు. కల్యాణ మండపం గోడలకి మేకులు కొట్టనివ్వరు కనుక ఇనుప జాలీ ఫ్రేములు అద్దెకి తెచ్చి ఎస్ కొక్కేలతో వేలాడదీయండి. బొమ్మ నడిమి భాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తులో ఉండాలి. మనవాళ్లు ఎప్పుడూ పైకి కట్టేస్తారు, దేవుడి పటం లెక్క. లైటు తెల్లదే కావాలి, పసుపు ఛాయ కొంచెం ఉన్నా ఫర్వాలేదు. రంగు రంగుల ఎల్‌ఈడీ లైట్లు బొమ్మల దరిదాపుల్లో ఉండకూడదు. ప్రతి బొమ్మ కింద పేరు, ఊరు, ఏ రంగులతో వేశారు, ధర ఎంత అనేవి రాసి పెట్టండి. ధర రాయడానికి మన చిత్రకారులు మొహమాటపడతారు. రాయకపోతే కొనేవాడు అంతకంటే ఎక్కువ మొహమాటపడి వెళ్లిపోతాడు.

స్టేజీ మీద లైవ్ పెయింటింగ్ పెడదామా అని కూడా అడిగారు. పెట్టొచ్చు, కానీ జాగ్రత్త. గంటసేపు జనానికి వీపు చూపిస్తూ ఒకాయన కుంచె తిప్పుతుంటే మొదటి ఐదు నిమిషాలే కొత్త. నేనైతే కాన్వాస్‌ని స్టేజీకి ఒక పక్కన, ఏటవాలుగా, నాలుగడుగులకి మూడడుగుల సైజులో పెట్టి, ఆయిల్ రంగులు వద్దని అక్రిలిక్‌కో బొగ్గుకో పరిమితం చేస్తాను. నాట్యం మొదలైనప్పుడు గీత మొదలవ్వాలి, కవితలు పూర్తయ్యేసరికి బొమ్మ పూర్తవ్వాలి. చిత్రకారుడు నర్తకులని చూసి గీస్తే ఇంకా మంచిది, అక్కడే రెండు కళలు మొదటిసారి ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. ఆయనకి విడిగా ఒక చిన్న లైటు ఇవ్వండి, నాట్యానికి లైట్లు మారినప్పుడల్లా ఆయన పాలెట్‌లో ఎరుపు నలుపైపోకుండా. చివర్లో ఆ బొమ్మని స్టేజీ మీద వేలం వేయాలనే ఆలోచన ఎవరైనా తెస్తే సున్నితంగా తిప్పికొట్టండి. ఎవరూ పాడకపోతే ఆ రెండు నిమిషాలు చిత్రకారుడి మొహం చూడలేం.

కవిత్వం అన్నిటికన్నా కష్టం. మన కవి సమ్మేళనాల సంగతి మీకు తెలియందేమీ కాదు. "ఒక చిన్న కవిత వినిపించి సెలవు తీసుకుంటాను" అన్న కవి ముందు మాట ఐదు నిమిషాలు, కవిత నాలుగు నిమిషాలు, ఆ తర్వాత "ఇంకొకటి, చాలా చిన్నది". ఐదుగురికి మించి పిలవొద్దు. ఒక్కొక్కరికి ఒక్క కవిత, అది ముందే మీ చేతికి రావాలి, ముందుమాట లేకుండా నేరుగా చదవాలి. ఇది పిలిచేటప్పుడే చెప్పండి. కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి. వచన కవిత చదువుతుండగా వెనక ఫ్లూటు ఊదించడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది. నాకు నచ్చదు. ఫ్లూటు బాగుంటే మాట వినబడదు, మాట బాగుంటే ఫ్లూటు అడ్డు. కవిత అయ్యాక ఒక అర నిమిషం వీణ మీద ఒక్క రాగం పలికించి, తర్వాతి కవికి చోటివ్వండి. పద్యం వేరు, అది రాగంలోనే పుట్టింది, పద్యం పాడేవాడికి శ్రుతి పెట్టండి చాలు.

ఇక్కడ సౌండ్ గురించి ఒక మాట. ఒక పట్టణంలో ఒక పెద్దాయన కవిత చదవడం మొదలుపెట్టారు. అంతకు ముందు పాట పాడిన అమ్మాయి కోసం మిక్సర్‌లో పెట్టిన ఎకో అలాగే ఉంది. "నాన్న చెప్పులు" అని ఆయన అంటే హాలంతా "చెప్పులు... పులు... లు" అని మారుమోగింది. వెనక నుంచి "వినబడట్లేదండీ" అని ఎవరో అరిచారు. సౌండ్ కుర్రాడు వాల్యూం పెంచాడు. ఇంకా వినబడలేదు. ఇంకా పెంచాడు. ఇప్పుడు కీచుమని ఫీడ్‌బ్యాక్. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నవ్వుతూనే దిగిపోయారు. మిక్సర్ మీద ఒక్క బొత్తాం నొక్కితే సరిపోయేది. కాబట్టి మీలో ఒకరు కార్యక్రమం అంతసేపూ సౌండ్ కుర్రాడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. మాటకి ఎకో ఉండకూడదు, పాటకి కొంచెం, వీణకి ఇంకా తక్కువ. మైకులు మార్చేటప్పుడు ఫేడర్ (మిక్సర్ మీద వాల్యూం జరిపే మీట) దించమనండి. డాన్సుకి రికార్డెడ్ ట్రాక్ అయితే రెండు పెన్‌డ్రైవ్‌లలో వరస సంఖ్యలతో పెట్టండి. ఫోన్ నుంచి ప్లే చేస్తానంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి. బృహన్నల విల్లు ఎత్తిన క్షణంలో ఎవరి రింగ్‌టోనో మోగితే ఇక ఎన్ని పద్యాలు చదివినా లాభం లేదు.

కవిత్వంలో మీకు ఇంకొక దారి ఉంది, అవధానం, అంటే అడిగిన సమస్యలకి అవధాని అక్కడికక్కడే పద్యాలు చెప్పడం. మొత్తం అష్టావధానం పెట్టకండి, అది విడిగా ఒక సాయంత్రం మింగేస్తుంది. అవధాని దొరికితే అందులోంచి రెండే అంశాలు తీసుకోండి. ఒకటి దత్తపది. జనంలోంచి నాలుగు మాటలిస్తే అవి ఇమిడేలా అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. పనస, అంకుడు, చింత, జమ్మి అని మీ నాలుగు చెట్లనే ఇప్పించవచ్చు. అయితే అంతా ముందే అనుకున్నారనుకుంటారు, అందుకని రెండు మీవి, రెండు జనం నుంచి. రెండోది వర్ణన. మామూలుగా పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, ఒక సన్నివేశం చెప్పి ఫలానా ఛందస్సులో వర్ణించమంటాడు. మీరు పృచ్ఛకుడిగా చిత్రకారుణ్నే కూర్చోబెట్టండి. ఆయన తన బొమ్మ చూపించి, "దీన్ని తేటగీతిలో చెప్పండి" అనాలి. ఇందాక వరండాలో జనం చూసిన బొమ్మే అది. తాము చూడని మూల అవధాని పద్యంలో దొర్లితే, విరామంలో మళ్లీ వెళ్లి చూస్తారు. ఇలాంటి అతుకు ఒక్కటి కుదిరినా మీ డబ్బులు వసూలు.

నాట్యానికి నేల సంగతి చూడండి. కల్యాణ మండపాల స్టేజీ సాధారణంగా గ్రానైటో సిమెంటో ఉంటుంది. దాని మీద పాదం కొట్టి కొట్టి ఆడితే మోకాళ్లు పోతాయి. టెంట్ హౌస్ ఎర్ర తివాచీ ఇంకా ప్రమాదం, ముడతల్లో గజ్జెలు చిక్కుకుంటాయి, అంచుల్లో మేకులుంటాయి. మందపాటి ప్లైవుడ్ షీట్లు కదలకుండా బిగించి, కీళ్ల మీద టేపు వేయండి. ఇద్దరు నర్తకులకి 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఖాళీగా ఉండాలి. నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించేవాళ్లు), మృదంగం, గాత్రం, వయొలిన్ స్టేజీకి కుడి పక్కన ఒక చిన్న బల్ల మీద కూర్చుంటారు, ఆ స్థలం దీనికి అదనం. మేకప్‌కి తలుపు గడియ పడే గది, పెద్ద అద్దం, మంచి లైటు, పక్కనే బాత్రూం ఉండాలి. వేషం కట్టడానికే గంటన్నర, రెండు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం నాలుగింటికల్లా ఆ గది తాళం వాళ్ల చేతిలో ఉండాలి.

మీ జాబితాలో తప్పెటగుళ్లు లేవు, అది చూసి ఆశ్చర్యపోయాను. విజయనగరంలో కళల సాయంత్రం పెట్టి తప్పెటగుళ్లు పిలవకపోతే ఎలా? రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, దాన్నే వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట అది. సంగీతం వేరు, నాట్యం వేరు అని అక్కడ లేదు. దానికి స్టేజీ వద్దు, మైకూ వద్దు. వాకిట్లో జనం చుట్టూ నిలబడాలి, మధ్యలో వాళ్లు ఆడాలి. చివరి అంశంగా పెట్టండి. హాల్లో రెండు గంటలు కూర్చున్న జనం లేచి వాకిట్లోకి రావడంతోనే ఊపు వస్తుంది. మనిషి మీద మనిషి ఎక్కి నిలబడే విన్యాసాలూ చేస్తారు కనుక పైన షామియానా వేలాడకుండా ఎత్తు చూసుకోండి. బోనస్‌గా, చింతమాను గురించీ పైడితల్లి గురించీ పాట ఏదైనా ఉందా అని ముందుగా వెళ్లి అడగండి.

డబ్బు గురించి నిర్మొహమాటంగా చెప్తాను. శాస్త్రీయ కళాకారులకి కవరులో పెట్టి గౌరవంగా ఇవ్వడం, జానపద బృందానికి బస్సు చార్జీలూ భోజనమూ పెట్టి "మీకు అవకాశం ఇచ్చాం" అనడం చాలాచోట్ల చూశాను. ఆ పని చేయకండి. తప్పెటగుళ్లకి వచ్చేది పదిహేను, ఇరవై మంది. ఒకరోజు కూలి పోగొట్టుకుని వస్తారు. ఎంతిస్తారో ముందే చెప్పి, ఆ రాత్రే ఇచ్చి పంపండి. మీ అరవై వేలలో సగానికి పైగా కళాకారులకే వెళ్లాలి. సౌండు, లైట్లు, ప్లైవుడ్, జాలీలు కలిపి పావు వంతుకి కొంచెం అటూ ఇటూ. మిగిలింది టీ, మంచినీళ్లు, జనరేటర్, అనుకోని ఖర్చులకి. ఫ్లెక్సీల మీద, మెమెంటోల మీద పైసా పెట్టొద్దు.

మెమెంటో అన్నాను కాబట్టి సభ గురించి చెప్పాలి. ఇలాంటి కార్యక్రమాలని చంపేది వాన కాదు, కరెంటు కాదు, సభ. స్టేజీ మీద తొమ్మిది కుర్చీలు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, వాళ్లకి శాలువాలు, ఆ శాలువాలు కప్పుతున్న ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ కప్పడం. ఆరున్నరకి అనుకున్న నాట్యం ఎనిమిదింటికి మొదలవుతుంది. ఈలోగా మేకప్ వేసుకున్న అమ్మాయిలు చెమటతో కూర్చుని ఉంటారు. మీకు చందా ఇచ్చిన పెద్దలు ఊరుకోరని నాకు తెలుసు. వాళ్లని మొదటి గంటలో ఆహ్వానించి, బొమ్మల ప్రదర్శన రిబ్బన్ వాళ్ల చేత కత్తిరించండి, ఫొటోలు అక్కడే తీయించండి, ఆ తర్వాత మొదటి వరసలో కూర్చోబెట్టండి. స్టేజీ మీద జ్యోతి వెలిగించడానికి రెండు నిమిషాలు చాలు. కుర్చీలే లేకపోతే ఉపన్యాసమూ ఉండదు. యాంకరింగ్‌కి ఒక్కరే ఉండాలి, ఒక్కో అంశానికి మూడు వాక్యాలు రాసి చేతికివ్వండి. "నాట్యమయూరి", "గానకోకిల", "కవితా సుధాకర" బిరుదులు అందులో వద్దు.

మొత్తం మీద నా వరస ఇలా ఉంటుంది. ఐదున్నర నుంచి బొమ్మలు, వీణ, లేతు. ఆరు నలభైకి హాల్లోకి పిలుపు, దీపం. వెంటనే వీణ, ఈసారి మైకుతో, 20 నిమిషాలు. వీణ ముగిసే రాగంలోనే తిక్కన పద్యం అందుకోవాలి, పద్యం మీదుగానే నర్తకులు రావాలి, మధ్యలో యాంకర్ రాకూడదు. నాట్యమంతా 40 నిమిషాలు, పక్కన కాన్వాస్ మీద గీత నడుస్తుంటుంది. తర్వాత కవులు ఐదుగురు. వాళ్లతోనే కాన్వాస్ పూర్తవుతుంది. ఆపైన అవధానం 20 నిమిషాలు, పది నిమిషాలు విరామం, ఎనిమిది ముప్పావుకల్లా వాకిట్లో తప్పెటగుళ్లు. తొమ్మిదింబావుకి అయిపోవాలి. ముందు రోజు రిహార్సల్ మొత్తం వేయడానికి ఎవరికీ తీరిక ఉండదు. అందుకని అతుకులు మాత్రమే వేయండి. వీణ చివరి నిమిషం, పద్యం మొదటి నిమిషం. నాట్యం చివరి అడుగు, కవి నడిచివచ్చే దారి, మైకు ఎవరు తెస్తారు, లైటు ఎవరు మారుస్తారు. గంటలో అయిపోతుంది, మిగతా అంశాలు వాళ్లకి వచ్చినవే.

పర్మిషన్ల దగ్గర పెద్ద తలనొప్పి లేదు కానీ ఆలస్యం చేయొద్దు. లౌడ్‌స్పీకర్‌కి పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మండపం పక్క ఇళ్లవాళ్లకి మీరే వెళ్లి చెప్పి, పిలిచి రండి. పిలిచిన ఇంటి నుంచి ఫిర్యాదు రావడం తక్కువ. కరెంటు విషయంలో లైట్లు ఒక ఫేజు మీద, సౌండు ఇంకొక ఫేజు మీద ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, లేకపోతే లైటు మార్చినప్పుడల్లా స్పీకర్లలో గుయ్యిమని వస్తుంది.

అక్టోబరు కనుక తుఫాను మాట మరిచిపోవద్దు. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ ఈ తీరానికి అక్టోబరులో వచ్చినవే. వాకిట్లో పెట్టాలనుకున్నవన్నీ లోపల ఎక్కడ సర్దుతారో కాగితం మీద గీసి పెట్టుకోండి. నీటిరంగుల బొమ్మలు మొదటి నుంచీ వరండాలోనే ఉంచండి.

కాపీరైట్ గురించి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. తిక్కన, అన్నమయ్య, త్యాగరాజు రచనలకి ఇబ్బంది లేదు. రచయిత పోయాక 60 ఏళ్లు దాటని పాటలకీ కవితలకీ హక్కులుంటాయి. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ప్రదర్శిస్తే చట్టంలో మినహాయింపు ఉంది, టికెట్ పెట్టగానే లెక్క మారుతుంది. సినిమా పాట ట్రాక్ పెట్టి, దాన్ని లైవ్ ఇస్తే యూట్యూబ్ ఆ ముక్క మూగబోయేలా చేయొచ్చు, అది వేరే తలనొప్పి.

టికెట్ వద్దనే నా మాట కూడా. మొదటి ఏడాది ఊళ్లో మిమ్మల్ని ఎవరికీ తెలియదు, వంద రూపాయలు పెట్టినా వచ్చేవాడు ఆగిపోతాడు. బయటికి వెళ్లే దారిలో ఒక డబ్బా పెట్టి, "కళాకారుల పారితోషికానికి" అని రాసి, పక్కన క్యూఆర్ కోడ్ అంటించండి. మరుసటి రోజు వచ్చిందెంత, ఖర్చయిందెంత అన్న లెక్క చందా ఇచ్చినవాళ్లందరికీ వాట్సాప్‌లో పంపండి. అమ్ముడుపోని బొమ్మలు చిత్రకారులే వచ్చి తీసుకెళ్తారులే అని వదిలేయకుండా, ఆటో మాట్లాడి సోమవారంలోగా వాళ్ల ఇళ్లకి చేర్చండి.